తొలి గింజ వేసే చెయ్యి

మొన్న మృగశిర, మా వైపు మాటలో మిరుగు కార్తె, రాగానే నా కళ్ళజోడు కాడ విరిగింది. బాగుచేయించుకుందామని గద్వాల వెళితే కళ్ళజోళ్ళాయన భోజనానికి పోయాడు. చేసేదేం లేక పక్కనున్న విత్తనాల దుకాణం ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎవరో కుర్రరైతు పత్తి గింజల ప్యాకెట్లు కొన్నాడు. దుకాణాయన తల ఎత్తకుండానే వాటిని బల్ల మీదికి విసిరాడు. కుర్రవాడు ముట్టుకోలేదు. "సేటూ, జర నీ చేత్తోని ఇయ్యి" అన్నాడు. సేటు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ప్యాకెట్లు కళ్ళకద్దుకుని, రెండు చేతులతో ఇచ్చాడు. ఇద్దరికీ తృప్తిగా ఉంది. నాకే ఒళ్ళు మండింది. ఆ గింజ ఎలా తయారవుతుందో మా వైపు తెలియనివాళ్ళు ఎవరు? మల్దకల్, మానవపాడు చుట్టుపక్కల చేలల్లో కూలి ఆడవాళ్ళు పొద్దుటి నుంచి నడుం వంచి, మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వులకు ఒక్కొక్కదానికీ రుద్దితే వచ్చిన గింజ అది. అన్ని చేతులు తగిలిన గింజ చివర సేటు చెయ్యి తగిలితేనే పండుతుందట. ఏదో ఒకటి అనేసేదాన్నే కానీ, కళ్ళజోడు లేకుండా ఎవరితో పోట్లాడుతున్నానో కూడా సరిగా కనిపించదని ఊరుకున్నాను.

మా ఊళ్ళో అలాంటి చెయ్యి మా పెద్దనాయనది. మాది మల్దకల్ దగ్గర మెట్ట ఊరు, అన్నీ ఎర్ర చెల్కలు. వాన పడి నేల పదునెక్కాక, చేను ఎవరిదైనా సరే, తొలి గింజలు ఆయనే వేయాలి. తలస్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, తూర్పు ముఖంగా నిలబడి మల్దకల్ దేవుణ్ణి "తిమ్మప్పా" అని ఒక్కసారి తలుచుకుని, గొర్రు మీద గింజలు పోసే కొయ్య గిన్నెలో గుప్పెడు గింజలు వదిలేవాడు. ఆయన పని అంతే. ఆ తరువాత ఎండలో గొర్రు వెంట నడిచేది వేరేవాళ్ళు. ఆయన చెయ్యి మంచిదని ఊరంతా నమ్మేది, ఒక్క మా పెద్దమ్మ తప్ప. పెరట్లో ఆయన నాటిన మల్లెతీగ ఒక్కటి కూడా బతకలేదని ఆవిడ పదేపదే గుర్తుచేసేది. ఆయన దానికి నీళ్ళు మంచివి కావనేవాడు.

అప్పట్లో నేను వనపర్తిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. భూమి లేనివాళ్ళకు సర్కారు ఎప్పుడో పంచి మరిచిపోయిన రాళ్ళ నేలలను సాగులోకి తేవడం మా పని. గోపాల్‌పేట వైపు ఆ పని బాగానే సాగింది. సొంత ఊరైతే మాట చెల్లుతుందని నన్ను మా ఊరికి పంపారు. సొంత ఊళ్ళో మాట చెల్లడమేమిటో ఆ పంపినవాళ్ళకే తెలియాలి. అక్కడ అక్క ఉంది. తల్లి కాలం నుంచీ మా పెద్దనాయన చేలల్లో కూలి చేసే కుటుంబంలోని మనిషి. నాకంటే పెద్దది కనుక నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను అమ్మా అనేది. అలా అనొద్దంటే ఒక పూట గుర్తుపెట్టుకునేది, మర్నాడు మళ్ళీ అమ్మా అనేది. ఆమె భర్త పూణెలో కట్టడం మీద నుంచి పడి చనిపోయాడు. అయినా ఏటా దసరా దాటగానే పిల్లలిద్దరినీ తీసుకుని అదే పూణెకు, కూలీలను తోలుకుపోయే అదే మేస్త్రీ లారీలో పోయేది. ఇక్కడుంటే తినడానికేముంది మరి.

సర్కారు పంచిన రాళ్ళ నేలలో ఆమెకూ ఒక చెక్క ఉంది కనుక ఆ ఏడు మాత్రం పోలేదు. మేస్త్రీ ఇంటికొచ్చి పిలిచినా నా చెల్క నేను చేసుకుంటానని పంపేసింది. చలికాలం, ఎండాకాలం రాళ్ళు ఏరి గట్టు కట్టింది, సర్కారు తుమ్మ వేళ్ళతో సహా తవ్విపోసింది. మేము ట్రాక్టరుతో దున్నించి ఇచ్చాం. ఒక్క పంట చేతికొస్తే పిల్లలను బడిలో నిలబెట్టుకోవచ్చు, రాకపోతే మళ్ళీ లారీ ఎక్కాలి. ఆమె ముందున్నది అదొక్కటే.

మిరుగులో మంచి వాన పడింది. కందులూ జొన్నలూ సిద్ధంగా ఉన్నాయి, కిరాయి ఎద్దులూ దొరికాయి. నేను తెల్లవారేసరికి చేను దగ్గరికి పోతే అక్క లేదు. పటేలును పిలవడానికి పోయిందన్నారు. పటేలంటే మా పెద్దనాయనే. ఆయన రానని ఎన్నడూ అనలేదు, అది ఆయన పద్ధతి కాదు. "గింజ నేనెయ్యక ఎవరేస్తరు బిడ్డా? మన చెల్క గింత కానియ్యి, రేపు పొద్దుగాలనే వస్త" అని నాకు కూడా నవ్వుతూనే చెప్పాడు. ఆ రేపు నాలుగైదు రోజులు సాగింది. కూలివాళ్ళంతా ముందే సొంత చేలు విత్తుకుంటే తన చేలోకి కూలికెవరు వస్తారని ఆయన బాధ. అది నాకు అర్థమైంది, అక్కకూ అర్థమైంది. అయినా ఆ నాలుగైదు రోజులూ అక్క ఎక్కడుందనుకున్నారు? ఆయన చేలోనే, గొర్రు వెంట నడుస్తూ గింజలు వేస్తూ ఉంది. ఆ చేలో ఆయన వేసింది గుప్పెడు, మిగతాదంతా ఆమె చేత్తో పడ్డ గింజే.

మూడో నాడు నేను పట్టలేక గట్టు మీద నిలబెట్టి అడిగాను. ఆయన చేనంతా నీ చేత్తోనే వేస్తున్నావు కదా, నీ చేనుకు అదే చెయ్యి ఎందుకు పనికిరాదు అని. నేల పదును ఆరిపోతోందని అరిచాను కూడా. ఆమె నా మీద కోపం తెచ్చుకోలేదు. ఒడిలోని గింజలు సర్దుకుంటూ, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"పటేలు చేతుల పండకపోతె కాలం మంచిది కాదంటరు అమ్మా. నా చేతుల పండకపోతె నా చెయ్యే మంచిది కాదంటరు. మొగుడు పోయినదాన్ని, మల్ల నన్ను ఎవ్వరు పనికి పిలుస్తరు?"

సంస్థలో మాకు ఎన్నో శిక్షణలిచ్చారు. వాటిలో ఏ ఒక్కదానిలోనూ దీనికి జవాబు లేదు. రాయి ఏరించవచ్చు, గట్టు కట్టించవచ్చు, కానీ పంట తప్పినా మాట పడని హక్కు కొందరికే ఉన్నచోట ఏం చేయాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

చివరికి పెద్దనాయన వచ్చాడు. అప్పటికి నేల పైపొర పొడిబారి గొర్రు వెంట దుమ్ము లేస్తోంది. ఆయన మాత్రం ఎప్పటిలాగే నిండుగా నిలబడి, తిమ్మప్పను తలుచుకుని, గింజలు వదిలాడు. అక్క కొబ్బరికాయ కొట్టి ముక్క ఇస్తే వద్దనకుండా తీసుకున్నాడు. తీసుకుని, ఎంతో ప్రేమగా ఎద్దు నోట్లో పెట్టాడు. కులం తక్కువని ఊరు అనుకునే ఇళ్ళవాళ్ళు ఇచ్చినది తినకుండా, ఇచ్చినవాళ్ళ మనసు నొప్పించకుండా ఉండే ఉపాయం అది. వానలు మళ్ళీ పడేసరికి చాలా రోజులు పట్టింది. అక్కడక్కడా మొలిచిన నాలుగు మొక్కలు కూడా మాడిపోయాయి. అంత మంచి చెయ్యి పడ్డా మొలవలేదంటే ఆ మనుషులకే రాత లేదని ఊరు తేల్చేసింది. అక్క పిల్లలతో లారీ ఎక్కింది. నేను ఎక్కించడానికి పోలేదు, పోయి ఏ ముఖం పెట్టుకుని నిలబడను?

మరుసటి ఏడు వానకు ముందే ఆమె వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. వాన కురిసిన మర్నాడే ఎద్దులు తెచ్చి, తానే తొలి గింజ వేసుకుంది. నాకు తరువాత చెప్పింది, పడాల్సిన మాట పోయినేడే పడ్డాను, ఇంకా కొత్తగా పడేదేముందని. కంది చేను గట్టు దాటి విరగకాసింది. నేను వనపర్తి నుంచి ఉరుకుల పరుగుల మీద వచ్చాను. ఇప్పుడేమంటారో చూద్దామని నా ఉబలాటం. మా పెద్దనాయన మీసం దువ్వుకుంటూ "జర ఆలస్యమైంది గని నా చెయ్యి తప్పుతదా బిడ్డా" అన్నాడు. ఊరు కూడా అదే అంది. పోయినేడు పటేలు వేసిన చెయ్యి ఇప్పుడు పారిందట! నేను ఇంటింటికీ తిరిగి వాదించి గొంతు పోగొట్టుకున్నాను. అక్క నాకు బెల్లం నీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. "అననీ అమ్మా, కందులు నా ఇంట్ల ఉన్నయి" అంది.

పిల్లలు చదువుకున్నారు. మేస్త్రీ లారీ మళ్ళీ ఆ ఇంటి ముందు ఆగలేదు. అది చిన్న విషయం కాదని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. మా పెద్దనాయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు తొలి గింజకు ఆయన కొడుకును పిలుస్తున్నారు. అతను హైదరాబాదులో ఉంటాడు, కంది మొక్కకూ పత్తి మొక్కకూ తేడా తెలియదు, కారు దిగి గింజ వేసి పోతాడు. అక్క చేను మాత్రం కాలం కాని ఏళ్ళలో తప్ప ఏనాడూ ఎండలేదు. అయినా ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు, మా చేలో తొలి గింజ వేసిపో అని ఇంతవరకు ఆమె గుమ్మం ముందుకు రాలేదు. కాలం మారిందని నాతో అందరూ అంటారు. ఆ పిలుపు వచ్చేదాకా నేను నమ్మను, అప్పటికి ఆమె ఉంటుందో లేదో.