మలేరియా, పింగాణీ ముక్కలు, మా వరాలు

ఆ రోజు ముగ్గు వంకర పోయింది. నా ఒంట్లో ఏదో తేడా చేసిందని మొట్టమొదట తెలిసింది అలాగే. కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టి, గీత లాగబోతే వేళ్ళ సందుల్లోంచి పిండి ముద్దలు ముద్దలుగా రాలింది. నర్సీపట్నంలో మా వీధి జనం నా ముగ్గు తొక్కకుండా పక్కకి తప్పుకుని నడిచేవాళ్ళు. అలాంటిదాన్ని, ఒక్క గీత లాగలేకపోయాను. లోపల్నుంచి మా తోడికోడలు వరాలు వచ్చి చూసింది. మా మరిది భార్య, అప్పటికి కాపురానికొచ్చి ఏడాదైనా కాలేదు. "ఏటక్కా, పెదాలు నల్లగా అయిపోనాయి? బేగి లోపలికి రా," అంటూ నా చేతిలో ముగ్గు గిన్నె తీసుకుంది.

నన్ను మంచం మీద పడుకోబెట్టి, తిరిగి వెళ్ళి ఆ వంకర గీతలన్నీ చెరిపి కొత్త ముగ్గు వేసింది. పళ్ళు టకటక కొట్టుకుంటూ, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని కూడా నేను కిటికీలోంచి అదే చూస్తున్నాను. ముగ్గు బాగానే ఉంది. అదే నా బాధ.

అంతకు ముందు మా తమ్ముడి పెళ్ళికి కృష్ణదేవిపేట వెళ్ళి కొన్నాళ్ళు ఉండి వచ్చాను. అక్కడ దోమలు దోమలు కావు. చలి తగ్గాక ఒళ్ళు కాలిపోయింది, ఆ తర్వాత చెమటలు కారాయి, మర్నాడు ఏమీ లేనట్టు లేచి తిరిగాను. ఆ మర్నాడు మళ్ళీ చలి. మా అత్తగారు ఉప్పు, మిరపకాయలు దిగతుడిచి పొయ్యిలో పడేశారు. తాలూకా కచేరీలో గుమాస్తాగా చేస్తున్న మా వారికి మాత్రం అనుమానం వచ్చి, బండి కట్టించి ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

డాక్టరు గారు ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టి నొక్కారు. నేను కెవ్వుమన్నాను. "మలేరియా. స్ప్లీన్ బాగా ఎన్‌లార్జ్ అయింది," అన్నారు. అంటే ప్లీహం వాచిందట. వేలు గుచ్చి రక్తం తీసి, గాజు పలక మీద రాసి, స్లైడు విశాఖపట్నం పంపిస్తామన్నారు. ఈలోగా క్వినైన్ మొదలుపెట్టమన్నారు. ఆపైన అన్న మాటే నా కొంప ముంచింది. "వంగి ఊడవడాలు, బిందెలెత్తడాలు కట్టిపెట్టాలమ్మా. స్ప్లీన్‌కి దెబ్బ తగిలితే ప్రాణం మీదికొస్తుంది. కూర్చుని చేసుకునే పనులు చేసుకోండి."

ముగ్గు కూర్చుని వేసే పని కాదు కదా. వాకిలి వరాలు చేతికి పోయింది.

క్వినైన్ గురించి వేసుకున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. బెల్లం ముక్కలో పెట్టుకుని మింగినా గొంతు దాకా చేదు. చెవుల్లో ఒకటే హోరు, పక్కనున్న మనిషి మాట కూడా వినిపించేది కాదు. వరాలు ముగ్గుని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం శుభ్రంగా వినిపించేది. ఎదురింటి మాస్టారి భార్య అయితే రోజూ ఆగి, మీ చిన్నకోడలిది మంచి చెయ్యి అని మా అత్తగారితో అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. మొన్నటిదాకా మంచి చెయ్యి నాది. మంచమెక్కి నెల తిరక్కుండానే చెయ్యి మారిపోయిందా?

స్లైడులో మలేరియా ఉందని రాసి వచ్చింది. మందు కోసం వారం వారం ఆస్పత్రికి వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చునేదాన్ని. ఆ వరండా గచ్చులో పగిలిన పింగాణీ పళ్ళేల ముక్కలు పొదిగారు. తెల్లవి, నీలం అంచువి, మధ్యలో ఒక చక్రం. ఎంతమంది తొక్కినా, ఎన్నిసార్లు కడిగినా ఆ చక్రం అలాగే ఉంది. చూసి చూసి, ఒకరోజు అనిపించింది. ఇలాంటి ముగ్గు మా అరుగు మీద వేస్తే దాన్ని ఊడ్చి ఇంకో ముగ్గు వెయ్యడం వరాలు తరం కాదు.

ఇంట్లో చెప్తే మా వారు జ్వరం తలకెక్కిందా అని నా నుదురు ముట్టుకుని చూశారు. అయినా దొరలు దిగే బంగళాలో వంటవాణ్ణి అడిగి ఒక బుట్టెడు పగిలిన పళ్ళేలు తెచ్చి పెట్టారు. దొరలు మాంసం తిన్న పళ్ళేలని మా అత్తగారు వాటిని పసుపు నీళ్ళలో పడేసి గానీ గడప దాటనివ్వలేదు. రంగు కోసం నేను నా పాత గాజుల ముక్కలు పోగు చేస్తే మాత్రం ఆవిడ ముఖం మాడిపోయింది. "నీ ఐదోతనం సల్లగుండాలని నేను మొక్కుకుంతంటే, సితికిన గాజులు వీధరుగు మీద పరుస్తావేటే? తియ్యి," అన్నారు. తీసేశాను. నాకు ఆ మాటకి ఎదురు చెప్పే ధైర్యం ఈ జన్మకి లేదు.

మొదట ఇంటి కప్పుకి వేసే బంగళా పెంకు ఒకటి తీసుకుని దాని మీద సాధన చేశాను. గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు కలిపి, పెంకు మీద పరిచి, ముక్కలు అద్దాను. తెల్లారేసరికి సగం ఊడి చేతికొచ్చాయి. పొడి ముక్క సున్నంలో తడి పీల్చేస్తుంది, అందుకని పట్టు రాదు. రెండోసారి ముక్కల్ని రాత్రంతా నానబెట్టి అద్దితే కరుచుకున్నాయి. పట్టకారుతో ముక్క అంచు కొంచెం కొంచెంగా కొరికితే కావలసిన ఆకారం వస్తుందని, లాగి విరిస్తే మాత్రం వేలు తెగుతుందని అనుభవం మీద తెలిసింది. ముక్కలన్నీ పెట్టాక పైన ఒక చెక్క వేసి నొక్కితే మట్టం అవుతుంది. ఇవన్నీ చేస్తున్నప్పుడు వరాలు పక్కన కూర్చుని చూసేది. నేను వీపు తిప్పి కూర్చునేదాన్ని.

మెట్టు మీద పీట వేసుకుంటే అరుగు నా గుండెల ఎత్తుకొస్తుంది, వంగే పని లేదు. వచ్చిన చిక్కల్లా చేతులతోనే. క్వినైన్ వేసుకున్న పూటల్లా వేళ్ళు వణికేవి. జ్వరం చూస్తే రావడం మానేసింది. ఇంకా కొన్ని వారాలు వాడాలని డాక్టరు గారు చెప్పారు గానీ, లేని జ్వరానికి మందేమిటి అనుకుని పొట్లాలు దూలం మీద దాచేశాను. చెయ్యి నిలబడింది. రథసప్తమికి మా వీధి ఆడవాళ్ళందరూ వచ్చేలోగా పూర్తి చెయ్యాలని, ఒక మూల నుంచి కొద్దికొద్దిగా చేసుకు రావలసిన పనికి అరుగంతా ఒకేసారి సున్నం పరిపించాను. సగం ముక్కలు అద్దానో లేదో, నడుంలోంచి చలి పుట్టుకొచ్చింది. పీట మీంచి పడబోతుంటే వరాలే పట్టుకుందట. నాకు గుర్తులేదు.

డాక్టరు గారు ఇంటికి వచ్చారు. టెంపరేచర్ చూసి, ఇది రిలాప్స్, అంటే జ్వరం తిరగబెట్టిందని, ఒంట్లో రక్తం తగ్గి అనీమియా కూడా ఉందని మా వారితో అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "క్వినైన్ ఎవరు మానమన్నారు? జ్వరం కనపడకపోతే లేనట్టు కాదు, లోపల దాక్కుంటుంది," అన్నారు. ఇంజెక్షను చేశారు. మళ్ళీ మొదటికి వచ్చాను, మొదటి కంటే నీరసంగా. చచ్చిపోతానని ఇంట్లో అందరూ భయపడ్డారు. నాకు మాత్రం తెలివొచ్చినప్పుడల్లా అరుగే గుర్తొచ్చేది. సగంలో గట్టిపడిపోయిన సున్నం, రథసప్తమికి వచ్చి చూసి నవ్వే ఆడవాళ్ళు.

లేవగలిగాక గోడ పట్టుకుని బయటికి వచ్చాను. అరుగు పూర్తయి ఉంది. నేను అద్దింది ఎక్కడ ఆగిందో, వరాలు అద్దింది ఎక్కడ మొదలైందో కూర్చుని వెతికాను. దొరకలేదు. నడి మధ్యలో మాత్రం పళ్ళెమంత చోట పరిచిన సున్నం గీకి తీసేసి, తడి ఇసక పోసి గోనె ముక్క కప్పి ఉంది.

"సున్నం గట్టిపడిపోతాదని ముక్కలు నేనే అద్దీసినానక్కా," అంది వరాలు. "నడిమి పువ్వు నీది కదా. నీకే ఒగ్గీసినాను."

నేను ఏడ్చాను. నీరసమని మా అత్తగారు పాలు పట్టుకొచ్చారు. నీరసం కాదు, ఉడుకుమోత్తనం. చెయ్యి నాకంటే బాగుంటే ఎలాగో ఓర్చుకునేదాన్ని. మనసు కూడా నాకంటే మంచిదైతే ఇంక నాకేం మిగిలింది?

పువ్వు అద్దాను. ఈసారి క్వినైన్ వేసుకుంటూనే అద్దాను గనుక ఒక రేకు కాస్త వంకర వచ్చింది. ఇప్పుడు నా స్ప్లీన్ చేతికి తగలడం లేదని, ఇక వంగవచ్చని డాక్టరు గారు చెప్పారు. కానీ అరుగు మీద అతికించింది అరుగు ముగ్గే గానీ వాకిలి ముగ్గు కాదని, రోజూ ఊడ్చి రోజూ వేసిందే ముగ్గని మా అత్తగారు తేల్చేశారు. కాబట్టి వాకిలి ఇప్పటికీ వరాలుదే. ఈ అరుగు ఎవరు చేశారని వచ్చినవాళ్ళు అడిగితే, అంతా అక్కే చేసిందంటుంది. మధ్య పువ్వొక్కటే నాదని నేనే చెప్పుకోవలసి వస్తుంది. అది చెప్పిన ప్రతిసారీ కడుపు మండుతుంది, అయినా చెబుతాను.

మలేరియా వచ్చిన అక్కచెల్లెళ్ళకి ఒక్కటే మాట. జ్వరం పోయినా, డాక్టరు చాలన్నదాకా క్వినైన్ మానకండి. పొట్లాలు మీ దగ్గర పెట్టుకోకండి, ప్రేమగా చూసే వాళ్ళ చేతికీ ఇవ్వకండి, బతిమాలితే ఒక పూట వదిలేస్తారు. ఇంట్లో ఎవర్ని చూస్తే మీకు కడుపు మండుతుందో వాళ్ళ చేతికివ్వండి. నా పొట్లాలు వరాలు దగ్గరుండేవి. దాని ఎదురుగా ముఖం చిట్లించడం ఇష్టం లేక, ఒక్క పూట తప్పకుండా మింగాను.