రెండు గంటల ఉద్యోగం

ఆ రోజు పొద్దున నా కుడి చేతికి గ్లవ్ ఉంది. ఎడమ చేతిది ఒళ్ళో ఉంది. దాన్ని ఎలా తొడుక్కోవాలో నాకు తోచలేదు.

నేను జర్మనీలోని డ్రెస్డెన్‌లో కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఇంజనీర్‌ని. దుమ్ము చొరబడని క్లీన్‌రూమ్‌లోకి వెళ్ళే ముందు తల నుంచి కాళ్ళ దాకా తెల్ల సూటు వేసుకోవడానికి ఒక గది ఉంటుంది. రెండేళ్ళుగా రోజూ చేస్తున్న పనే. ఆ రోజు మాత్రం బెంచీ మీద కూర్చుని ఆ గ్లవ్‌ని చూస్తూ ఉండిపోయాను. భయం లేదు, ఏడుపు లేదు. అసలు ఏమీ లేదు. నాతో పనిచేసే కాత్రిన్ లోపలి నుంచి వస్తూ నన్ను చూసి ఆగిపోయింది.

"మాధవీ, నేను లోపలికి వెళ్ళినప్పుడు కూడా నువ్వు ఇలాగే కూర్చుని ఉన్నావు. నలభై నిమిషాలైంది" అంది.

అలసట అని చెప్పాను. ఆమె నమ్మింది. నేనూ నమ్మాను.

మా ఇంటి దగ్గరి డాక్టరమ్మ రక్తపరీక్షలు రాసింది. థైరాయిడ్ నార్మల్. బీ-ట్వెల్వ్ నార్మల్. విటమిన్ డీ బాగా తక్కువ. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. "ఈ దేశంల ఎండ యాడిది, అందరికీ అదే ఉంటది" అన్నాడు మా ఆయన రవీందర్. మాత్రలు వేసుకున్నాను. నెలన్నర గడిచింది. అన్నం మట్టి తిన్నట్టుండేది. ఒక మెయిల్‌ని నాలుగుసార్లు చదివినా అందులో ఏముందో తలకెక్కేది కాదు. స్నానం చేయాలంటే కొండ ఎక్కమన్నట్టుండేది. మూడు రోజులకోసారి చేసేదాన్ని.

రెండోసారి వెళ్ళినప్పుడు రవీందర్ కూడా వచ్చాడు. డాక్టరమ్మ కంప్యూటర్ వైపు కాకుండా నా వైపు తిరిగి కూర్చుంది. పది ప్రశ్నలు అడిగింది. చివరికి "ఇది సివియర్ డిప్రెషన్. మొదటిసారే నేను అడగాల్సింది, అడగలేదు. అది నా తప్పు" అంది. ఆ రోజే మాత్ర మొదలుపెట్టి, పనికి సెలవు కాగితం ఇచ్చింది. ఇక్కడ ఆఫీసుకిచ్చే కాగితంలో జబ్బు పేరు ఉండదు. తేదీలు మాత్రమే ఉంటాయి.

ఆ ఖాళీని మేం వేరే జబ్బుతో నింపాం. "నడుము నొప్పి అని చెప్దాం. డిస్క్ జారింది అందాం. పిచ్చి గిచ్చి అనుకుంటరు జనం" అన్నాడు రవీందర్. నాకూ అదే తేలిక అనిపించింది. అప్పటినుంచి ఎవరైనా ఇంటికొస్తే నడుం పట్టుకుని నడవడం ఒక పని అయింది. పై అంతస్తులో ఉండే గుంటూరమ్మాయి ప్రసన్న వారం వారం ఏదో ఒకటి తెచ్చేది. "అక్కా, ఈ నూనె గోరువెచ్చగా చేసి రాయించుకోండి. మా నాయనమ్మకి దీంతోనే తగ్గింది" అనేది. ఆమె వెళ్ళాక ఆ సీసాని చూస్తే నా మీద నాకే అసహ్యం వేసేది.

మొదటి మాత్ర రెండు వారాలు కడుపులో తిప్పింది, చేతులు వణికించింది. ఇంకో మాత్రకి మార్చారు. డే క్లినిక్‌లో చోటు కోసం మూడు నెలలు ఆగాను. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చే ఆసుపత్రి అది. అక్కడ థెరపిస్ట్ రోజూ ఒకటే అడిగేవాడు, "ఎలా అనిపిస్తోంది?" అని. నాకు వచ్చిన జర్మన్ భాష మెషీన్ల గురించి మాట్లాడటానికి సరిపోతుంది. లోపలి సంగతులకు నా దగ్గర మూడే మాటలు ఉన్నాయి: బాగుంది, అలసట, తలనొప్పి. ఒకరోజు ఆయన కాగితం పక్కన పెట్టి, "మీ భాషలో చెప్పండి. నాకు అర్థం కాదు. అయినా వింటాను" అన్నాడు.

నేను తెలుగులో మొదలుపెట్టాను. "నా బిడ్డ సైకిల్ మీదికెల్లి పడ్డది. మోకాలు చీరుకపోయి నెత్తురు కారుతుంటే 'అమ్మా' అని నా దిక్కు చేతులు చాపింది. నేను నిలవడి చూసిన. నాకేం అనిపియ్యలే. వాళ్ళ నాన ఉరికొచ్చి ఎత్తుకున్నడు. నేను అట్లనే నిలవడ్డ."

ఆరేళ్ళ పిల్ల. పేరు ఆద్య. ఆ సంగతి అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. ఆయన ఒక్క ముక్క అర్థం కాకపోయినా గంటసేపు కదలకుండా విన్నాడు.

ఎనిమిది వారాల తరువాత కొంచెం తేరుకున్నాను. తిరిగి పనికి వెళ్ళడానికి ఇక్కడ ఒక పద్ధతి ఉంది. డాక్టర్ గంటలు రాసిస్తుంది: మొదటి రెండు వారాలు రోజుకు రెండు గంటలు, తరువాత నాలుగు, తరువాత ఆరు, అలా పెంచుకుంటూ పోవాలి. అప్పటిదాకా కాగితం మీద మనం రోగులమే. "ఎక్కువ చేయకండి. బాగుందనిపించినా చేయకండి" అంది డాక్టరమ్మ. తల ఊపాను.

మొదటి రోజు నా పాస్‌వర్డ్ పనిచేయలేదు. కొత్తది ఇప్పించుకునేసరికి ఆ రెండు గంటలూ అయిపోయాయి. నా బల్ల మీద వేరే ఎవరిదో కాఫీ కప్పు ఉంది. నేను చూసుకునే మెషీన్‌ని కొత్తగా చేరిన కుర్ర ఇంజనీర్‌కి అప్పగించారు. కారిడార్‌లో ఒకాయన "ముఖం కళకళలాడుతోంది! ఇండియాలో సెలవులు బాగా గడిచాయా?" అని అడిగాడు. అవునన్నాను. ఎక్కడెక్కడ తిరిగావని అడిగితే ఊళ్ళ పేర్లు కూడా చెప్పాను.

నా భయం వేరు. మా కుటుంబం ఈ దేశంలో ఉంటున్నది నా ఉద్యోగాన్ని బట్టి ఇచ్చిన బ్లూ కార్డ్ అనే పర్మిట్ మీద. రవీందర్ నా భర్తగా వచ్చాడు. అప్పటికి ఆయనకు ఉద్యోగం లేదు, భాష నేర్చుకుంటున్నాడు. నేను పనికిరానని తేలితే ముగ్గురం పెట్టెలు సర్దుకోవాలి అన్న ఒక్క ఆలోచనే తలలో తిరిగేది. రెండో వారంలో మా లైన్‌లో ఒక బ్యాచ్ మొత్తం పాడైంది. ఎవరూ నన్ను ఉండమనలేదు. నేనే ఉన్నాను. రెండు గంటలు ఆరు గంటలయ్యాయి. మర్నాడు ఏడు. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకున్నాను. టీమ్ లీడర్ థోమస్ నవ్వుతూ "చూశావా, పాత మాధవి తిరిగొచ్చింది" అన్నాడు. ఇంట్లో మాత్రం ఎందుకింత ఆలస్యమంటే కూరగాయలు కొని, ఊళ్ళో తిరిగొచ్చానని చెప్పాను.

ఆ తరువాతి సోమవారం ట్రామ్‌లో నా స్టాప్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. నా కాళ్ళు లేవలేదు. ఒళ్ళంతా చెమట, ఊపిరి ఆడలేదు. ట్రామ్ చివరి స్టాప్ దాకా వెళ్ళి ఆగింది. డ్రైవర్ వచ్చి "ఇక ముందుకు పోదమ్మా, దిగాలి" అంది. దిగలేనని చేత్తో సైగ చేశాను. ఆవిడ నా ఫోన్ తీసుకుని చివరగా మాట్లాడిన నంబర్‌కి చేసింది. రవీందర్ వచ్చేదాకా నా పక్కన నిలబడింది.

"డాక్టర్ రెండు గంటలన్నది. నువ్వు ఎన్ని గంటలు చేసినవ్?" అన్నాడు రవీందర్. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నా కొలువు పోతే మనం ఏడికి పోతం?" అన్నాను.

"నువ్వు పోతే మేం ఏడికి పోవాలె?"

డాక్టరమ్మ ఆ మధ్యాహ్నమే చూసింది. రవీందర్ ఎదుటే నన్ను సూటిగా అడిగింది, "చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా?" అని. అవునన్నాను. ఎన్నాళ్ళుగా అని అడిగింది. చలికాలం నుంచి అన్నాను. ఆమె ఆసుపత్రికి ఫోన్ చేస్తూ మమ్మల్ని కారిడార్‌లో కూర్చోమంది. రవీందర్ నేల వైపు చూస్తూ అడిగాడు.

"పాప పుట్టినరోజు నాడు సుత అనుకున్నవా?"

"ఆ దినమే ఎక్కువ అనుకున్న."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు నొప్పిపుట్టేంత గట్టిగా ఉంది. విడిపించుకోలేదు.

ఈసారి రాత్రీ పగలూ ఉండే వార్డ్‌లో చేర్చారు. ఐదు వారాలు. మందులు మార్చారు, డోస్ పెంచారు. మొదటి వారం గురించి నాకు పెద్దగా గుర్తులేదు. తిరిగి పనికి వెళ్ళే ప్రణాళిక రద్దయింది. ఇంటికొచ్చాక ప్రసన్న మళ్ళీ నూనె సీసాతో వచ్చింది. నేను నడుం పట్టుకోలేదు. "ప్రసన్నా, నాకు నడుము నొప్పి లేదు. డిప్రెషన్. నేను చచ్చిపోదామనుకున్న. దవాఖానల ఉండొచ్చిన" అన్నాను. ఆమె సీసా బల్ల మీద పెట్టి, పక్కన కూర్చుంది.

"మా అన్నయ్య గుండెపోటుతో పోయాడని మీకు చెప్పాను కదక్కా" అంది. "గుండెపోటు కాదు. మా ఇంట్లో ఇప్పటికీ అలాగే చెప్పుకుంటాం."

ఇద్దరం చీకటిపడేదాకా అలాగే కూర్చున్నాం.

ఇంకో నాలుగు నెలలకు మళ్ళీ రెండు గంటలతో మొదలుపెట్టాను. అంతకుముందు ఆఫీసులో ఒక సమావేశం జరిగింది: థోమస్, హెచ్ఆర్ ఆవిడ, కంపెనీ డాక్టర్, నేను. ఉద్యోగం ఉన్నంతకాలం జబ్బు సెలవు వల్ల కార్డు పోదని హెచ్ఆర్ ఆవిడ అక్కడ చెప్పింది. ఒక సంవత్సరం ముందే నేను అడిగి ఉండాల్సిన ప్రశ్న అది. జబ్బు పేరు నేనే చెప్పాను. చెప్పనక్కరలేదని కంపెనీ డాక్టర్ అన్నా చెప్పాను. థోమస్ మొహం సిగ్గుతో ఎర్రబడింది. "పాత మాధవి తిరిగొచ్చింది అన్నాను నేను" అన్నాడు.

ఇప్పుడు వారానికి ముప్ఫై గంటలు పనిచేస్తున్నాను. షిఫ్ట్‌లు లేవు, క్లీన్‌రూమ్ లేదు. బల్ల దగ్గర కూర్చుని డేటా చూస్తాను. నా మెషీన్ ఆ కుర్ర ఇంజనీర్ దగ్గరే ఉంది, బాగా చూసుకుంటున్నాడు. అది నాకు తిరిగి రాదు. రవీందర్‌కి ఉద్యోగం దొరికింది. మాత్ర రోజూ వేసుకుంటాను, ఎప్పుడు ఆపుతారో అడగడం మానేశాను. నెలలో రెండు మూడు రోజులు మంచం దిగలేను. ఆద్య దెబ్బ తగిలితే ఇప్పటికీ నన్ను దాటుకుని వాళ్ళ నాన్న దగ్గరికే పరిగెడుతుంది. పిలవను. పిల్ల వచ్చే రోజు వస్తుందని థెరపిస్ట్ అంటాడు. రాకపోవచ్చు కూడా అని నేను అనుకుంటాను.

నాలాగే సెలవు ముగించుకుని పనికి వెళ్ళబోతున్నవారికి ఒక్క మాట. డాక్టర్ రాసిచ్చిన గంటలు కూడా మందే. డోస్ మనంతట మనం మార్చకూడదు. గంటలు అయిపోగానే లేచి రండి. మెయిల్ సగం రాసినా, మీటింగ్ సగంలో ఉన్నా లేవండి. రెండోసారి వెళ్ళినప్పుడు నేను ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. మొదటి రోజు అది మీటింగ్ మధ్యలో మోగింది. అందరూ నా వైపు చూశారు. నేను కోటు వేసుకుని బయటికి వచ్చేశాను.