ఎడమకాలికి పనిలేని కారు

ఆ రోజుల్లో ప్రొద్దుటూరులో ఎవరి కారును చూసినా జనం అసూయపడేవాళ్లు. మా మామ కారును చూస్తే మాత్రం నవ్వుకునేవాళ్లు. మద్రాసులో ఏ దొరో వదిలేసిపోతే కొన్న ఆ అమెరికా బండికి క్లచ్చి లేదు, గేర్లు తనంతట తనే వేసుకునేది. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు చచ్చుబడిన మామ ఆ ఒక్క గుణం చూసే దాన్ని కొన్నాడు. గడప దాటాలన్నా ఒకరి భుజం పట్టుకోవలసిన మనిషి (అలా పట్టుకోవడమంటే ఆయనకు చావుతో సమానం), స్టీరింగు ముందు కూర్చుంటే పులివెందుల దగ్గరి చీనీ (బత్తాయి) తోటకు ఒక్కడే పోయివచ్చేవాడు.

పాపం, ముసలిదైపోయిన గేర్‌పెట్టె జారడం మొదలుపెట్టింది. ఇంజను అరిచేది, బండి కదిలేది కాదు. తోట దారిలో మిట్ట వచ్చిందంటే ఎవరివైనా ఎద్దులను కట్టి లాగించాల్సిందే. లారీలు బాగుచేసే మేస్త్రీ కిందికి దూరి చూసి, "ఈ పెట్టె పీకి పారేసి లారీ గేర్లు బిగిస్తానప్పా, ఇంగ చింతుండదు" అన్నాడు. నాకు లోలోపల ఎంత సంబరమో! బి.ఎ. తప్పి, ఎర్రగుంట్ల రాళ్ల లారీల మీద డ్రైవింగు నేర్చుకుని ఖాళీగా తిరుగుతున్న నాకు, గేర్లు వస్తే డ్రైవరు సీటు దక్కినట్టే. (ఏ టోపీ పెట్టుకోవాలో కూడా అద్దంలో చూసి నిర్ణయించుకున్నాను.) మామ మేస్త్రీని ఎగాదిగా చూసి, "గేర్లు బిగిస్తావు సరే, క్లచ్చి తొక్కే కాలు యాడ తెచ్చి బిగిస్తావప్పా?" అన్నాడు. నా టోపీ గాలిలో కలిసిపోయింది.

మామది ఉడుంపట్టు. మద్రాసులో ప్రమాదంలో నుజ్జయిన అదే కంపెనీ కొత్త మోడలు బండి నుంచి, ఇంకా బలమైన గేర్‌పెట్టెను ఊడదీయించి రైల్లో తెప్పించాడు. అది ఇమడదని మేస్త్రీ అంటే, పక్కనే కుర్చీ వేసుకుని చట్రం కోయించి మరీ ఇమిడించాడు. "ఇది గూడా జారితే ఏం జేస్తావయ్యా?" అని అత్త అడిగింది. "ఇంట్లో కూసుంటా" అన్నాడు.

పెట్టె బిగించాక మామ, అత్త, నేను తోటకు బయలుదేరాం. జమ్మలమడుగు దాటాక మామ బండి ఆపి, "ఏంది అల్లుడూ, మొగం అట్ల మాడ్చుకున్నావు? రా, నువ్వు తోలు" అన్నాడు. సింహాసనం ఎక్కినట్టు ఎక్కాను. కొంతదూరం పోయాక గొర్రెల మంద అడ్డమొచ్చింది. లారీ అలవాటున ఎడమకాలితో క్లచ్చిని బలంగా తొక్కాను. అక్కడ క్లచ్చి లేదు, పీటంత బ్రేకు ఉంది. బండి ఠక్కున నిలిచింది. వెనకసీటులో అత్త ఒడిలోని మజ్జిగ ముంత మాత్రం నిలవక, నా పక్కన కూర్చున్న మామ నెత్తికి అభిషేకం చేసింది. "నీ కాలు పడిపోనూ!" అని నన్ను తిట్టబోయి అత్త నాలుక కరుచుకుంది.

మామ మజ్జిగ తుడుచుకుంటూ పగలబడి నవ్వాడు. "వద్దులేమే, ఇంట్లో ఒగటి సాలు" అని, నా వైపు తిరిగి, "నా ఎడమకాలు ఇన్నేండ్ల నుంచి ఊరికే ఉండాది. నీదాన్ని ఒక గంట ఊరికే పెట్టలేవా అల్లుడూ?" అన్నాడు.

మళ్లీ తనే స్టీరింగు పట్టాడు. ఇదివరకు ఎద్దులను కట్టాల్సి వచ్చిన ఆ మిట్టను బండి ఒక్క ఊపున ఎక్కేసింది. మజ్జిగ కారుతున్న ఆ ముఖంలోని వెలుగు చూశాక, డ్రైవరు ఉద్యోగం పోయిందన్న నా బాధ కూడా పోయింది. అంత అందమైన మొండితనాన్ని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు నా మోకాళ్లు అరిగిపోయాయని మా అమ్మాయి గేర్లు లేని కారు కొనిపెట్టింది. ఎక్కిన ప్రతిసారీ నా ఎడమకాలు లేని క్లచ్చి కోసం వెతుక్కుంటుంది. దాన్ని వెనక్కి లాక్కుని, ఖాళీగా ఉన్న పక్కసీటు వైపు చూసి, "పొరపాటైంది మామా" అంటాను.