తాబేలు గూటికి నీళ్లు పోసిన వేసవి

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా చిన్నప్పుడు, నాలుగో తరగతి అయిపోయిన వేసవిలో, అరచేయంత కూడా లేని ఒక తాబేలు పిల్లతో అమ్మకు కబురు పంపాను.

అమ్మ మస్కట్‌లో ఎవరింట్లోనో వంటపనికి పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఎడపల్లి దగ్గర మా ఊళ్లో బాపు పొద్దంతా చెరకు పొలంలోనే ఉండేవాడు. నేను అమ్మ నాటిన గోరింట చెట్టు కింద కూర్చుని, చదివిన పుస్తకమే మళ్లీ చదివేదాన్ని. పిల్ల ఎవరితోనూ మాట్లాడటం లేదని తెలిసి మా చిన్నమ్మ వచ్చి నన్ను తీసుకెళ్లింది. ఆమె శ్రీకాకుళం వైపు, సముద్రం పక్కన ఒక ఊరి ఆసుపత్రిలో నర్సు.

అక్కడి తీరంలో కొంత భాగాన్ని తాబేళ్ల కోసం కాపాడుతున్నారు. ఆ ఇసుక మీదికి బండ్లు రానివ్వరు. ఒడ్డు వైపు దీపాలు పెట్టరు. తల్లి తాబేలు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, నీళ్లలోకి వెళ్లిపోతుంది. మళ్లీ చూడటానికి రాదు. కుక్కలు తవ్వకుండా ఆ గుడ్లను తెచ్చి, వల కంచె లోపల మళ్లీ పాతి, చిన్నమ్మా, చేపలమ్మే ఒక పెద్దమ్మా, మరికొందరూ కాపలా కాసేవారు. జీతం లేదు. ఒకరు డ్యూటీకి ముందు, ఒకరు బేరానికి ముందు, తెల్లవారగానే వచ్చేవారు.

తల్లి రాదన్న మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

వరుసగా పుల్లలు గుచ్చిన ఆ గూళ్లు నా కంటికి మా పొలంలో కొత్తగా నాటిన చెరకు ముక్కల్లా కనిపించాయి. మొలక వచ్చేదాకా తడి ఆరకూడదని బాపు అనేవాడు. అందుకే ఒక ఉదయం చేతులు కడుక్కునే బకెట్ ఎత్తి చివరి గూటి మీద పోశాను. పెద్దమ్మ చూసి ఎందుకని అడిగితే బాపు మాట చెప్పాను, నవ్వేసింది.

“ఓలమ్మా, నీ పిల్ల ఇది సెరకు తోటనుకున్నాదేటి? గుడ్లు కుళ్లిపోవా?” అంది చిన్నమ్మతో.

చిన్నమ్మ తిట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని, తడి ఇసుకను మెల్లగా తీసేసి పొడి ఇసుక పరిచింది. ఆ గూడు ఇక నాదని, రోజూ వచ్చి చూసుకోవాలని చెప్పింది. అవి బతుకుతాయో లేదో తనకూ తెలియదన్న సంగతి దాచలేదు.

పక్క గూళ్లలోని పిల్లలు ఒక్కో గూటి నుంచి బయటికొచ్చి వెళ్లిపోయాయి. నాది కదల్లేదు. సెలవులు అయిపోవస్తుండగా ఒక ఉదయం అక్కడ ఇసుక కుంగింది. ముందు ఒక ముక్కు, తర్వాత నల్లటి రెక్కల్లాంటి కాళ్లు. కొన్ని గుడ్లు అలాగే మిగిలాయి, కానీ చాలా పిల్లలు వచ్చాయి. ఒకదాన్ని నేరుగా నీళ్లలో వదలాలని ఎత్తుకుని పరుగెత్తాను.

“కింద పెట్టు బిడ్డా,” అంది చిన్నమ్మ. “నడవనియ్యి. గీ ఇసుక దానికి యాదుండాలె. పెద్దగైనంక గుడ్లు పెట్టనీకి మల్ల ఇటే వస్తది.”

కింద పెట్టేముందు దాని మీదికి వంగి అమ్మ పేరు, మా ఊరి పేరు చెప్పాను, తొందరగా రమ్మని అమ్మతో అనమన్నాను. అది పడుతూ లేస్తూ అలలోకి పోయింది.

అమ్మ ఇప్పటికీ మస్కట్‌లోనే ఉంది. రెండేళ్లకోసారి వచ్చి నెల ఉండి పోతుంది. మిగతా కాలమంతా నేను గోరింట చెట్టుకు నీళ్లు పోస్తాను. అమ్మ చీరలు ఎండకు వేసి మడతపెడతాను. వచ్చిన రోజు అమ్మ సంచులు దించకముందే ఆ చెట్టును ముట్టుకుంటుంది.

ఆ సెలవుల చివర నన్ను తీసుకెళ్లడానికి బాపు వచ్చాడు. మరుసటి ఏడే చిన్నమ్మ జ్వరంతో పోయింది. నేను ఆమెను చివరిసారి చూసింది ఆ రోజు బాపుతో ఎక్కిన రైలు కిటికీలోంచే. ఆ తాబేళ్లు నిజంగా తిరిగి వస్తాయా అని అడిగాను. రైలు కదులుతుంటే ఆమె కిటికీ చువ్వ పట్టుకుని నాలుగడుగులు నడిచింది.

“ఏమో బిడ్డా. వచ్చేదాంక ఒడ్డునైతే మంచిగ ఉంచాలె గద.”