గ్రిల్‌కు వేసిన కవర్

ఆదివారం పొద్దున ఏడున్నర. మబ్బు లేదు, ఎండ అప్పుడే చురుక్కుమంటున్నది. మా ఆయన, అత్తమ్మ, పిల్లతోని మా కార్ల చర్చికని బయలెల్లి, ఎదురింటి గ్రేస్ కార్ల వాపసొచ్చిన. తప్పు నాదే.

మా పోతిరెడ్డిపల్లిల గ్రేస్ వాళ్లదీ మాదీ ఒక్క రకం కారే. వాళ్లది మాదానికన్న రెండేండ్లు పాతది. అయినా పోయిన వారం పటాన్‌చెరు చర్చి కాడ పాస్టరమ్మ, "గ్రేసమ్మా, కొత్త కారు కొన్నరా?" అని అడిగింది. గ్రేస్ నవ్వి ఊకున్నది. ఆ నవ్వు నాకు వారమంతా అన్నం అరగనియ్యలే.

శనివారం సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్ పట్టుకొని మా కారు ముందటి జాలి, గ్రిల్ అంటరు గదా, దాని ముందు కూసున్న. సందు సందుల చచ్చిన పురుగులు, కంపెనీల దుమ్ము. గంటన్నర రుద్దిన. తెల్లబడ్డ నల్ల ప్లాస్టిక్‌కు కొబ్బరినూనె పట్టించిన. నిగనిగలాడింది. అప్పుడు యాదికొచ్చింది, నూనె మీద హైవే దుమ్మంతా అంటుకుంటది గదా అని.

మా ఇంట్ల రిమోట్‌కు కవర్ ఉంటది, ఫ్రిజ్ హ్యాండిల్‌కు కవర్ ఉంటది. గ్రిల్ ఏం పాపం చేసింది? పిల్ల పుస్తకాలకు అట్టలేసే ట్రాన్స్‌పరెంట్ షీట్ తెచ్చి, గ్రిల్ నిండ పరిచి టేప్ కొట్టిన. చర్చి గేటు కాడ పీకేద్దామనుకున్న. మా ఆయనకు చెప్పలే.

రుద్రారం దాటంగనే డాష్‌బోర్డ్‌ల ఎర్ర లైటు. "టెంపరేచర్ గిట్ల ఎక్కుతున్నదేంది?" అన్నడు ఆయన. నేను కిటికీల నుంచి బయటికి చూస్తున్న. బానెట్ కెల్లి తెల్లగ ఆవిరి లేసింది. కారు రోడ్డు అంచుకు ఆపిండు. "దిగుర్రి, జల్దీ." పక్కకెల్లి లారీలు పోతున్నయి. అత్తమ్మ చెప్పొకటి కార్లనే ఉండిపోయింది. పిల్ల నా చెయ్యి ఇడువలే.

ఎనుకకెల్లి వస్తున్న గ్రేస్ వాళ్లు ఆగిన్రు. వాళ్లాయన వంగి చూసి, గోటితోని టేప్ లేపి షీట్ పీకిండు.

"అన్నా, ఇంజన్‌కు గాలి పొయ్యేది గీడికెల్లే గదా. కవర్ ఎవరేసిన్రు?"

"మమ్మీ, గది నా సైన్స్ బుక్ షీట్," అన్నది పిల్ల.

మా ఆయన నా దిక్కు చూసిండు. షీట్‌ను మడతబెట్టి పిల్ల చేతిల పెట్టిండు.

గ్రేస్ నా భుజం పట్టుకున్నది. "పోనీ తియ్ అక్కా, అందరు మంచిగున్నరు. గ్రిల్ మాత్రం మస్తు మెరుస్తున్నది, దేంతోని తుడిచినవ్?"

అంత పరేషాన్ల గూడ నా కడుపు జెర చల్లబడ్డది. కొబ్బరినూనె సంగతి చెప్పలే.

చర్చి ఇడిసిపెట్టి ఆమెనే మమ్మల్ని ఇంటికి తెచ్చింది. అత్తమ్మ వచ్చింది. పిల్ల వచ్చింది. నేనొచ్చిన. మా ఆయన కారు మెకానిక్‌కు అప్పజెప్పి పగటీలి పన్నెండింటి బస్సుల వచ్చిండు, అత్తమ్మ రెండో చెప్పు పట్టుకొని. నలుగురం సరిపోయినం. రానిది కారొక్కటే. గంటన్నర రుద్దిన గ్రిల్‌ను రుద్రారం మెకానిక్ ఒక్కడే చూస్తున్నడు.