డిక్కీలో బావగారి బూట్లు

రేపు అందరం హనుమకొండ నుంచి కారులో అరకు పోతున్నాం. అక్కడ వంటగది ఉన్న ఇల్లు తీసుకున్నాం. మా అత్తమ్మకు షుగర్, వేళకు తినకపోతే కళ్ళు తిరుగుతాయి. అందుకే వేయించిన రవ్వ, అటుకులు, కందిపొడి, పులిహోర పులుసు చిన్న చిన్న కవర్లలో కట్టి, అన్నీ ఒక్క సంచిలోనే సర్ది సాయంత్రం డిక్కీలో పెట్టాను.

మా ఆయనకు అన్న, ఇంట్లో మంచినీళ్ళు కూడా ముంచుకోని మా బావగారు వచ్చి, ఆ సంచిని దింపేసి తన బూట్ల డబ్బాలు ఎక్కించారు. ఫొటోలకు రోజుకో జత కావాలట.

"టూరుకు పోతానమా, వలస పోతానమా? హోటల్ల తింటె అయిపాయె" అని నవ్వారు.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ వచ్చి డబ్బాలన్నీ దింపి వాకిట్లో పెట్టింది.

"గా కొండల మీద నాకు కండ్లు తిరిగితె, నీ బూట్లు నోట్ల పెడ్తవా బిడ్డా?" అని నెమ్మదిగా అడిగింది.

ఆయన ఫోన్ చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. సంచిని అత్తమ్మే మళ్ళీ డిక్కీలో పెట్టింది.

స్టవ్ వెలిగించడం రాని వాళ్ళకే వంట సామాను మీద ఇన్ని అభిప్రాయాలెందుకో నాకు అర్థం కాదు. మీ ఇళ్ళల్లో ఇలాంటి మహానుభావులను ఎట్లా భరిస్తున్నారో చెప్పండి.