రెండున్నర రెట్ల కోపం

మా హాస్టల్ మెస్‌లో ఆ ఆదివారం మధ్యాహ్నం చికెన్ కోసం మొదలైన గొడవకు, చికెన్‌ను మరిచిపోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. స్టీలు కంచాలు గాలిలోకి లేచాయి. బెంచీలు తిరగబడ్డాయి. ఒకడి పెదవి చీలింది, ఇంకొకడి వేలు విరిగింది. ఇనుప గరిటె దెబ్బకు ఒక ఎమ్మెస్సీ కుర్రాడి నుదురు పగిలి, అన్నం గిన్నెలోకి రక్తం చిమ్మింది. అందరినీ విడదీసేసరికి ఆ గరిటె నా రూమ్మేట్ చేతిలో ఉంది.

"గుంజుకున్న, కొట్టలే" అన్నాడు వాడు. కొట్టాడని తేలితే హాస్టల్ నుంచి శాశ్వతంగా పంపించేస్తారు. బయట తార్నాకలో అద్దెకు గది తీసుకునే స్తోమత వాడికి లేదు. గది పోతే పీహెచ్‌డీ పోయినట్టే.

మెస్ కెమెరా పాతది. దాంట్లోంచి వీడియో రాలేదు. వరుస నంబర్లు వేసిన ఫొటోలు మాత్రం వచ్చాయి. వాటిని వీడియోగా కలిపి ఇవ్వమని వార్డెన్ నాకు అప్పగించారు. తార్నాక స్టూడియోలో పెళ్లి వీడియోల మీద గులాబీలు కురిపించే పని చేస్తుంటాను కనక క్యాంపస్‌లో నేనొక నిపుణుడిని. ముళ్లు లేని గులాబీలు తప్ప నాకేమీ తెలియదని వార్డెన్‌కు తెలియదు.

ఫొటోలన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి దిగుమతి చేసుకుని, వరుసగా ఒకే వీడియో చేయమని టిక్ పెట్టాను. సెకనుకు ఎన్ని ఫొటోలు అన్న చోట అది ముందే ముప్పై వేసి పెట్టింది. మా పెళ్లిళ్లన్నీ ముప్పైలోనే జరుగుతాయి. సరే అని నొక్కాను. దిగుమతి దగ్గరే నా మతి దిగిపోయింది.

వీడియోలో రూమ్మేట్ ఉన్మాదిలా కనిపించాడు. గరిటె టకటకా మూడుసార్లు ఎమ్మెస్సీ కుర్రాడి నుదుటి మీద పడినట్టే ఉంది. వార్డెన్‌కు పంపేశాను. పంపాకే, పిరికివాడిని కనక, వాడికి చూపించాను.

చూస్తూనే వాడు నన్ను కుర్చీతో సహా గోడకు కొట్టాడు. కాలర్ పట్టి లేపాడు.

"ఏందిరా ఇది? గిట్ల కొట్టిన్నా నేను? మనిషినా, మిక్సీనా?"

నేను నోరు తెరిచేలోపే పిడికిలి దవడ మీద పడింది. కళ్లు బైర్లు కమ్మాయి.

"కెమెరా అబద్ధం చెప్పదు కదరా" అన్నాను, రక్తం మింగుతూ.

"అయితే నీ వీడియోల గా వంటాయన్ని సూడు. నడుస్తుండా, ఎగురుతుండా?"

నిజమే. సాంబారు గిన్నె మోస్తున్న వంటాయన తూనీగలా దూసుకుపోతున్నాడు. ఫొటో మూలన కెమెరా గడియారం ఉంది. సెకను అంకె ఒకసారి మారేలోపు ఎన్ని ఫొటోలు దాటుతున్నాయో లెక్కపెట్టాను. పన్నెండు. ఇంకోసారి చూశాను. పన్నెండే. సెకనుకు పన్నెండు తీసిన కెమెరాను నేను ముప్పైతో తరిమాను. వాడి కోపాన్ని రెండున్నర రెట్లు చేసింది నేనే.

సెట్టింగులు తెరిచి ముప్పై తీసేసి పన్నెండు వేశాను. మళ్లీ చూశాం. మొదటి రెండుసార్లు గరిటె ఎత్తింది ఆ ఎమ్మెస్సీ కుర్రాడే. మావాడు వాడి మణికట్టు పట్టుకుని ఆపుతున్నాడు. ముప్పై వీడియోలో నేను వాళ్లను ఆపడానికి ఉరికినట్టు కనబడిన చోట, నిజానికి కంచం ఒలక్కుండా నిదానంగా బల్ల కిందికి దూరుతున్నాను.

మూడోసారి గరిటె మావాడి చేతిలోకి వచ్చింది. గాలిలోకి లేచింది. దిగింది. నుదురు చిట్లడం స్పష్టంగా కనబడింది.

వాడు ఆ ముక్కను రెండుసార్లు వెనక్కి జరిపి చూశాడు.

"గిది కొట్టుడే" అన్నాడు చివరికి. "గుంజుకున్నది యాదికున్నది. గిది యాదికి లేదు."

"దెబ్బ పడినవి పది ఫొటోలే. తీసెయ్యనా?"

"వద్దురా. నీ తెలివి ఒక్కపారి జూసిన, సాలు."

మొదట పంపింది తప్పని వార్డెన్‌కు చెప్పి, సరైన వీడియో విచారణలో వేశాను. అది ఆగకముందే వాడు లేచి నిలబడ్డాడు. "సార్, మూడోది నాదే." తలకు కట్టుతో కూర్చున్న ఎమ్మెస్సీ కుర్రాడు, ముందు గరిటె ఎత్తింది తనేనని గొణిగాడు.

ముందు ఆపబోయాడని, తప్పు తనే ఒప్పుకున్నాడని మావాడిని శాశ్వతంగా పంపెయ్యలేదు; ఇద్దరికీ ఒక సెమిస్టరు హాస్టల్ బంద్ చేశారు. పీహెచ్‌డీ నిలిచింది. ఒక్క సెమిస్టరైతే సర్దుకుంటానన్న మేనమామ దగ్గరికి, లాలాగూడ రైల్వే క్వార్టర్‌కు పోతూ వాడు గది తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"నా మంచం మీద బట్టలు ఆరెయ్యకు" అన్నాడు. "మళ్ల వస్తా."